గట్టిమచ్చలోకి ఎక్కించిన మందు ఎటు పోతుంది?

చెవి తమ్మె వెనక ఉసిరికాయంత పెరిగిన గట్టి కండలోకి చర్మం డాక్టరు సూదిమందు ఎక్కిస్తుంటే, తోడుగా వచ్చినవాళ్ల కంట రెండు సంగతులు పడతాయి. సిరంజి వెనక కడ్డీని నొక్కే బొటనవేలి గోరు తెల్లగా పాలిపోతుంది, అంత నొక్కినా మందు గీత దాటి కదలదు. కాసేపటికి, అంతకుముందు గుచ్చిన రంధ్రంలోంచి పాలచుక్కలాంటి తెల్లబొట్టు ఒకటి బయటికి ఉబుకుతుంది. ‘మందంతా బయటికే వచ్చేసిందే!’ అని పక్కనున్న అమ్మో అత్తో నొచ్చుకుంటారు. ఆ మాటను కొట్టిపారెయ్యడానికి లేదు. ఎక్కించిన మందులో కొంత నిజంగానే బయటికొస్తుంది. కొంత లోపల చేరవలసిన చోటికి చేరుతుంది. ఇంకొంత చేరకూడని చోటికీ పోతుంది. ఈ మూడింటిలో ఏది ఎంత అన్నదాని మీదే ఆ మచ్చ అణుగుతుందా, అలాగే ఉంటుందా, లేక గుంట పడి తెల్లమచ్చ మిగులుతుందా అన్నది ఆధారపడి ఉంటుంది.

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఆస్పత్రి బయట బెంచీ మీద ఎక్కువగా వినబడే ప్రశ్న ‘ఎంత పవరు మందేశారు?’ అన్నదే. మందు చీటీ మీద 10 అనో 40 అనో అంకె ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్న సులువు. అడగవలసింది మాత్రం ఇంకొకటి ఉంది: ఆ మందు మచ్చలో ఎంత మేర పరుచుకుంది? సిరంజిలో ఉన్న మోతాదు, మచ్చకు అందిన మోతాదు ఒకటి కావు. వాటి మధ్య తేడా తెలిస్తే ఈ వైద్యంలో విడ్డూరంగా కనిపించే చాలా విషయాలకు కారణం దొరుకుతుంది.

ముందు ఆ మచ్చ సంగతి. ఊళ్లలో ‘కండ పెరిగింది’, ‘మచ్చ ఉబ్బింది’, ‘గడ్డ కట్టింది’ అనే దాన్ని డాక్టర్లు కీలాయిడ్ అంటారు. 19వ శతాబ్దం మొదటి దశకాల్లో అలిబేర్ అనే ఫ్రెంచి చర్మవైద్యుడు ఈ పేరు పెట్టాడు. ఎండ్రకాయ డెక్కకు గ్రీకులో ఉన్న మాట దానికి మూలం. కొత్తపట్నం రేవులోనో కృష్ణపట్నం దగ్గరో వలలోంచి తీసిన ఎండ్రకాయను చూసినవాళ్లకు ఈ పోలిక విప్పి చెప్పక్కర్లేదు. నడుమ డిప్ప, దానికి రెండు పక్కలా బయటికి చాచిన డెక్కలు. కీలాయిడ్ కూడా అంతే. గాయం ఉన్న చోట డిప్పలా ఉబ్బి, అక్కడితో ఆగకుండా, అసలు దెబ్బే తగలని మంచి చర్మం మీదికి కొమ్మలు చాస్తుంది. గాయం హద్దు దాటని ఉబ్బుమచ్చ వేరే జాతి. మోటారుసైకిల్ సైలెన్సరు తగిలి పిక్క మీద కాలినచోట కట్టే మచ్చ ఎక్కువగా ఆ రెండో రకమే. అది కొన్ని నెలలకో ఏడాదికో తనంతట తాను కొంత తగ్గవచ్చు. కీలాయిడ్ అలా తగ్గడం అరుదు.

ఇది పుట్టే చోట్లు ఎవరో ఏరి పెట్టినట్టు ఉంటాయి. చెవి తమ్మె, రొమ్ము మధ్య ఎముక మీది చర్మం, భుజం, వీపు పైభాగం, దవడ అంచు. అరచేతిలో, అరికాలిలో దాదాపు కనిపించదు. కొండకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్లి పిల్లకు పుట్టువెంట్రుకలు తీయించి, చెవులు కుట్టించి తెస్తారు. ఆ పసితనపు కుట్టు ఏ గొడవా చెయ్యకపోవచ్చు. పదిహేనేళ్లప్పుడు సరదాపడి పైన వేయించుకున్న రెండో కుట్టు, మూడో కుట్టు దగ్గర కాయ కాయవచ్చు. పుట్టగానే ఎడమ జబ్బకు వేసే బీసీజీ టీకా మచ్చ, ఛాతీ మీద మొటిమ గిల్లిన చోటు, గుండె ఆపరేషన్ చేసిన గాటు కూడా ఇందుకు పేరుపడ్డవే. ఎక్కువగా పదేళ్ల నుంచి ముప్ఫయ్యేళ్ల లోపు వయసులో మొదలవుతుంది. తెల్లటి చర్మం కంటే నల్లటి, చామనఛాయ చర్మంలో ఎక్కువ. కొన్ని ఇళ్లలో తల్లికి ఉంటే బిడ్డకూ వస్తుంది.

మందు ప్రయాణం అర్థం కావాలంటే ఈ కండను కోసి చూసినట్టు ఊహించుకోవాలి. మామూలు చర్మంలో పైపొర కింద కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు వెదురుబుట్ట అల్లికలా వదులుగా, సందులు సందులుగా ఉంటాయి. ఆ సందుల్లో నీరు ఉంటుంది, సన్న రక్తనాళాలు ఉంటాయి. కీలాయిడ్‌లో ఆ పోగులు లావెక్కి, గాజులా నునుపుదేరి, ఒక వరసా వావీ లేకుండా పెనవేసుకుంటాయి. కొబ్బరిపీచు మోకులను తడిపి, కుదించి, పెట్టెలో కూరితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. మరో సంగతి, కండ అంతా ఒకే తీరుగా ఉండదు. ఎర్రగా, దురదపెడుతూ కొత్తగా పాకే అంచుల్లో కొలాజెన్ తయారుచేసే కణాలు చురుగ్గా ఉంటాయి, రక్తనాళాలూ ఎక్కువే. ఏళ్లనాటి నడిభాగంలో కణాలు తక్కువ, మోకులు ఎక్కువ. అంటే మందుతో పని ఎక్కువున్నది ఒకచోట, మందుకు అడ్డు ఎక్కువున్నది ఇంకొకచోట.

ఇక మందు. ఈ పనికి ఎక్కువగా వాడేది ట్రయామ్సినొలోన్ ఎసిటోనైడ్ అనే స్టెరాయిడ్. మన మందుల షాపుల్లో కెనాకార్ట్ అనే పేరుతో ఎక్కువమందికి తెలుసు. మి.లీ.కు 10 మి.గ్రా., 40 మి.గ్రా. అని రెండు బలాల్లో దొరుకుతుంది. అది తెల్లగా పాలలా ఉండడానికి కారణం, అది నీటిలో కరగకపోవడమే. ఉప్పునీళ్లలా కరిగిన మందు కాదు, సున్నపునీళ్లలా నలకలు తేలే మందు. సున్నం కలిపిన కుండను కదపకుండా ఉంచితే పైన తేట, అడుగున ముద్ద మిగిలినట్టే, ఈ సీసానూ నిలబెడితే నలకలు అడుక్కు దిగుతాయి. అందుకే వాడేముందు సీసాను బాగా కదుపుతారు. కదపకుండా పైతేట లాగితే రోగికి ఎక్కేది ఎక్కువగా నీళ్లే. సిరంజిలోకి లాగి పక్కన పెట్టి, ఫోను మాట్లాడొచ్చి గుచ్చినా అదే ఇబ్బంది.

కరగకపోవడం ఇక్కడ లోపం కాదు, కావాలని పెట్టిన గుణం. వెంటనే కరిగిపోయే స్టెరాయిడ్‌ను మచ్చలో పెడితే రక్తం దాన్ని గంటల్లోనే ఊడ్చుకుపోతుంది. ఈ నలకలు మాత్రం పెట్టినచోట కూర్చుని, వారాల తరబడి కొద్దికొద్దిగా కరుగుతూ మందును వదులుతాయి. సూదికీ సూదికీ మధ్య నాలుగు వారాలో, కాస్త అటూ ఇటో ఎడం ఉంచేది ఇందుకే. ‘తొందరగా తగ్గాలి, వారం వారం వెయ్యండి’ అని బతిమాలేవాళ్లుంటారు. పాతది ఇంకా లోపల కరుగుతుండగానే కొత్తది పెడితే రెండూ కలిసి చేసే చెరుపు నెల తర్వాత గానీ బయటపడదు.

కాబట్టి మందు ప్రయాణం ఒకటి కాదు, మూడు. మొదటిది, సూదిలోంచి ద్రవం కండలోకి దూసుకుపోవడం. ఇది క్షణాల్లో ముగుస్తుంది, దీన్ని నడిపేది వేలి ఒత్తిడి. రెండోది, ఆ ద్రవంతో కలిసి నలకలు ఎంతవరకు పోగలవన్నది. మూడోది, కూర్చున్న నలకలోంచి విడివడిన అణువులు చుట్టుపక్కలకు పాకడం. దీనికి రోజులు, వారాలు పడుతుంది. ఈ మూడింటినీ ఒకటిగా కలిపి ‘మందు పాకింది’ అనేస్తే తప్పు లెక్క వస్తుంది.

మొదటి ప్రయాణానికి నేలలో నీళ్లు ఇంకడం కంటే మంచి పోలిక లేదు. అసలు దీనికి లెక్క కట్టినవాడే నీళ్ల ఇంజినీరు. 1856లో హెన్రీ డార్సీ అనే ఫ్రెంచి ఇంజినీరు, దిజోఁ నగర మంచినీటి సరఫరా గురించి రాస్తూ, ఇసుక గొట్టాల్లోంచి నీరు ఎంత వేగంగా పోతుందో కొలిచి సూత్రం చెప్పాడు. వెనక నుంచి తోసే ఒత్తిడి పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, దాటవలసిన దూరం పెరిగితే తగ్గుతుంది. వీటితోబాటు ఆ పదార్థం నీటిని ఎంత సులువుగా పోనిస్తుందన్న గుణం ఒకటి ఉంటుంది, అది దేనికది వేరు. పెన్న ఇసుకలో బిందెడు నీళ్లు కుమ్మరిస్తే కళ్లముందే మాయమవుతాయి. ఒంగోలు చుట్టుపట్ల నల్లరేగడిలో ఒక వాన పడితే రెండో రోజుకీ మడుగు నిలిచే ఉంటుంది. మామూలు చర్మానికీ కీలాయిడ్‌కీ ఉన్న తేడా ఈ తీరుదే.

నిమ్మతోటకు డ్రిప్పు వేసే గూడూరు, పొదలకూరు రైతుకు ఇంకో సంగతి తెలుసు. ఒకే డ్రిప్పరు, గంటకు అవే లీటర్లు. ఇసుకనేలలో తడి సన్నగా లోతుకు దిగుతుంది, బంకనేలలో వెడల్పుగా పక్కలకు పరుచుకుంటుంది. నీరు పోసినవాడి ఇష్టంతో తడి ఆకారం ఏర్పడదు, నేల ఇష్టంతో ఏర్పడుతుంది. సూది కొన దగ్గర మందు గుండ్రంగా బంతిలా ఊరుతుందని బొమ్మల్లో గీస్తారు. 0.1 మి.లీ. మందు నిజంగా బంతిలా నిలిస్తే దాని అడ్డుకొలత 6 మి.మీ. కంటే కాస్త తక్కువ. కాయితం మీద ఆ లెక్క చక్కగా కుదురుతుంది: ఇన్ని సెంటీమీటర్ల మచ్చకు ఇన్ని బంతులు, ఇన్ని గాట్లు. కీలాయిడ్‌లో బంతి ఏర్పడదు. మోకుల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడికి నాలుకలు చాస్తుంది. ఒకవైపు అర సెంటీమీటరు పోయి, రెండోవైపు పక్కనే ఉన్న మోకును తడపకుండానే వదిలెయ్యవచ్చు.

మార్కాపురం పలకరాయిని చూసినా ఇది తెలుస్తుంది. పొరకూ పొరకూ మధ్య ఉలి పెడితే రాయి ఇట్టే విడిపోతుంది, అడ్డంగా కొడితే మొరాయిస్తుంది. నీళ్లయినా అంతే, పొర వెంట జారతాయి, పొరను దాటవు. కీలాయిడ్ పలకంత క్రమంగా ఉండదు గానీ, లోపలి మోకుల వరసలు మందుకు దారులూ అవుతాయి, గోడలూ అవుతాయి. పైగా డార్సీ లెక్క కదలని ఇసుకకు సంబంధించింది. కండ అలా ఊరుకోదు. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ సాగుతుంది, ఎక్కడో ఒకచోట సన్నటి చీలిక విచ్చుకుంటుంది. విచ్చుకున్నాక వెనక వచ్చే మందంతా ఆ చీలికలోకే పోతుంది. ఎండాకాలంలో నెర్రెలిచ్చిన రేగడిలోకి నీళ్లు వదిలితే మట్టి పెళ్ల పొడిగా ఉండగానే నీళ్లు నెర్రె పట్టుకుని కిందికి పోయినట్టు.

ఒత్తిడి లెక్క కూడా ఒకసారి చూడాలి. బొటనవేలితో ఒకే బలం పెట్టినా సన్న సిరంజిలో ఒత్తిడి ఎక్కువ పుడుతుంది, ఎందుకంటే ఆ బలం చిన్న అడ్డుకోత మీద పడుతుంది. 1 మి.లీ. సిరంజి లోపలి అడ్డుకొలత సుమారు 5 మి.మీ., 5 మి.లీ. సిరంజిది సుమారు 12 మి.మీ. వైశాల్యాల నిష్పత్తి కడితే చిన్న సిరంజి దాదాపు ఆరు రెట్లు ఎక్కువ ఒత్తిడి ఇస్తుంది. 5 మి.లీ. సిరంజి తీసుకుని కీలాయిడ్‌తో కుస్తీ పట్టే చెయ్యి ఎంత బలమైనదైనా ఓడిపోయేది ఇందుకే. ఆ ఒత్తిడికి సూది సిరంజి నుంచి ఊడి మందు కళ్లలోకి చిమ్మిన సందర్భాలుంటాయి. అందుకే సూదిని స్క్రూలాగా తిప్పి బిగించే సిరంజి వాడటం, డాక్టరు కళ్లద్దాలు పెట్టుకోవడం.

ఇంత ఒత్తిడి పెట్టినప్పుడు మందు వెతుక్కునే సులువైన దారుల్లో మొట్టమొదటిది సూది వచ్చిన దారే. సూది చుట్టూ కండ బిగుతుగా పట్టుకోకపోతే మందు సూది వెంబడే వెనక్కి తిరిగి పైకి వస్తుంది. ఇంతకుముందు గుచ్చిన రంధ్రాలు రెండో దారి. ఆ తెల్లబొట్టు కథ అది. మూడో దారి అన్నిటికంటే చెడ్డది, బయటికి కనిపించదు కాబట్టి. సూది కొన కండను దాటి కిందనున్న మెత్తటి కొవ్వులోకి దిగితే మందు ఆనందంగా అక్కడికి పోతుంది. కడ్డీ వెన్నలోకి దిగినట్టు దిగుతుంది, రోగికి నొప్పి ఉండదు, ‘ఈసారి చెయ్యి తేలిగ్గా పడింది డాక్టరుగారూ’ అని మెచ్చుకుంటాడు. కొన్ని వారాల తర్వాత అక్కడ కొవ్వు కరిగి గుంట పడుతుంది, పైన మచ్చ మాత్రం అలాగే ఉంటుంది. గట్టి కీలాయిడ్‌లో మందు సులువుగా దిగితే సంతోషించకూడదు, అనుమానించాలి. అనుభవమున్న చేతికి ఆ మొరాయింపే దారి చూపిస్తుంది. అడ్డు తగులుతోందంటే సూది కొన కండలోనే ఉందన్నమాట.

రెండో ప్రయాణంలో చిక్కు వేరు. పెన్న వరద ఎర్రనీళ్లు పొలంలోకి వస్తే, నీరు ఇంకిపోతుంది, ఒండ్రు పైన నిలిచిపోతుంది. కీలాయిడ్ సందులు మందు నలకల కంటే సన్నగా ఉన్నచోట ఇదే జరుగుతుంది. నీళ్లు ముందుకు పోతాయి, నలకలు దారిలోనే చిక్కుకుంటాయి. కండ అంతా తెల్లగా ఉబ్బినట్టు కనిపించినా, ఉబ్బినంత మేరా మందు ఉన్నట్టు కాదు. ఉబ్బు నీటిది, మందు ముద్ద మాత్రం సూది కొన చుట్టూ, విచ్చుకున్న నెర్రెల వెంబడి ఉంటుంది. సూదిమందు ఎక్కుతుండగా మచ్చ తెల్లబడటాన్ని డాక్టర్లు మంచి గుర్తుగా చూస్తారు. మందు సరైన పొరలో ఉందనడానికి అది గుర్తే. కానీ ఒత్తిడికి రక్తం పక్కకు తప్పుకున్నా చర్మం తెల్లబడుతుంది. పైన తెల్లబడింది కాబట్టి లోతున ఉన్న మోకులకూ అందిందని అనుకోవడం పొరపాటు.

మూడో ప్రయాణం నెమ్మదైనది, దానికి లొంగని లెక్క ఒకటుంది. తోసేవాళ్లెవరూ లేకుండా అణువులు తమంతట తాము పాకేటప్పుడు, దూరం రెట్టింపైతే పట్టే కాలం నాలుగు రెట్లవుతుంది. దూరం పది రెట్లయితే కాలం నూరు రెట్లు. నీళ్లగ్లాసులో వేసిన సిరాచుక్క మొదట గబగబా, తర్వాత విసుగొచ్చేంత నెమ్మదిగా పాకేది ఈ లెక్కతోనే. ఒక నలక తన చుట్టూ మిల్లీమీటరు మేర ఉన్న కణాలకు చక్కగా మందు అందిస్తుంది. సెంటీమీటరు అవతల ఉన్న కణం దాకా అది పాకేలోపు దారిలోని రక్తనాళాలు దాన్ని పట్టుకుపోతాయి. నాలుగు వారాల టైముందిగా, నెమ్మదిగా అంతటా పరుచుకుంటుందిలే అనుకుంటే కుదరదు. మొదటి క్షణాల్లో నలకలు ఎక్కడెక్కడ పడ్డాయో దాని చుట్టుపక్కలే మందు పనిచేసే మేర. నారు దగ్గర దగ్గరగా నాటాలి, ఒకేచోట కుప్ప పోస్తే మడి నిండదు.

ఒకే గాటులో అర మి.లీ. ఎక్కించే బదులు, చిన్న చిన్న మోతాదుల్లో చాలాచోట్ల గుచ్చడం, సూదిని వెనక్కి లాగుతూ కొంచెం కొంచెం వదలడం, ఒకే రంధ్రంలోంచి సూదిని దిశలు మార్చి విసనకర్ర పుల్లల్లా తిప్పడం – ఈ పద్ధతులన్నీ పై లెక్కకు చేతులు చెప్పిన జవాబులు. ‘ఒక్క గాటుతో కానిచ్చెయ్యండి’ అని రోగి అడగడం సహజం, నొప్పి అలాంటిది. సూది గుచ్చుకున్న నొప్పి చిన్నది, కండ లోపల్నుంచి సాగడం వల్ల వచ్చే నొప్పి పెద్దది. మత్తుమందు లిగ్నోకెయిన్ కలిపితే తర్వాతి మంట తగ్గుతుంది. అయితే సమానంగా కలిపితే 40 బలం 20 అవుతుంది. మోతాదు అంతే ఉంచాలంటే ఎక్కించవలసిన ద్రవం రెట్టింపవుతుంది, గట్టి కండలో దానికి చోటు ఉండదు. ముందుగా ఐసు పెట్టడం, మచ్చ చుట్టూ మంచి చర్మంలో మత్తు ఇవ్వడం ఇంతకంటే నయమైన దారులు.

మందు చేరినచోట చేసే పని ఇది: కొలాజెన్ నేసే కణాలు పెరగకుండా అణచిపెడుతుంది, కొత్త పోగులు తగ్గుతాయి, వాపు తగ్గుతుంది. పాత పోగులను తెంపే ఎంజైములకు అడ్డం పడే పదార్థాలు తగ్గడంతో ఆ తెంపుడు కూడా ఊపందుకుంటుంది. చాలామందికి దురద, చురుకు ముందు తగ్గుతాయి, ఎత్తు తర్వాత తగ్గుతుంది. మొదటి విడత తర్వాత ఎత్తేమీ తగ్గలేదని డాక్టరును మార్చేవాళ్లు ఎందరో. నిజానికి మొదటి విడతలో లోపలికి పోయిందే తక్కువ. ఆ కొంచెమే చుట్టుపక్కల మోకులను కాస్త వదులు చేస్తుంది. రెండో విడతలో ఆ వదులైన చోట్లలోంచి మందు మరికాస్త దూరం పోతుంది. మూడోసారికి అదే చేతికి, అదే సిరంజికి కండ లొంగుతుంది. తొలకరికి నేల ముందు పదునెక్కి, తర్వాతి వాన బాగా ఇంకినట్టు. చీటీ మీద మూడుసార్లూ ఒకే అంకె ఉండవచ్చు, మచ్చకు అందిన మోతాదు మాత్రం మూడుసార్లూ ఒకటి కాదు.

ఈ మెత్తబడటంలోనే ప్రమాదమూ ఉంది. మొదట గట్టి కండకు 40 బలం సరిపోయింది కదా అని, మెత్తబడ్డాక కూడా అదే కొనసాగిస్తే మందు అవసరానికి మించి పరుచుకుంటుంది. మరీ పైకి పడితే చర్మం ఉల్లిపొరలా పలచబడి ఎర్రటి సన్ననాళాలు బయటికి కనిపిస్తాయి. నలకలు తెల్లటి గింజల్లా చర్మం కింద నిలిచిపోవచ్చు. చామనఛాయ చర్మంలో రంగు పోయి తెల్లమచ్చ తేలుతుంది. కొందరిలో ఆ తెలుపు గుండ్రంగా ఉండక, మచ్చ నుంచి సన్నని చారలా పైకి పాకుతుంది. మందు కొంత లింఫు నాళాల దారి పట్టిందనడానికి అది చర్మం మీద గీసిన గీత. బొల్లి అని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. అది బొల్లి కాదు, ఎక్కువమందిలో నెలలు గడిచేకొద్దీ రంగు తిరిగి వస్తుంది. కండ మెత్తబడేకొద్దీ బలాన్ని 20కో 10కో దించడం ఈ గొడవలు రాకుండా చేసే పనే.

ఊళ్లల్లో ఇంకో అపోహ ఉంది. ఎలాగూ స్టెరాయిడ్ సూదే కదా, ఆర్‌ఎంపీ దగ్గర పిర్రకు వేయించుకుంటే చాలదా అని. లెక్క చూస్తే తెలుస్తుంది. మచ్చ బరువు గ్రాము, మనిషి బరువు 60 కిలోలు అనుకుంటే మచ్చ ఒంటిలో 60,000వ వంతు. పిర్రకు వేసిన మందు ఒళ్లంతా పంచుకున్నాక మచ్చ వాటాకు వచ్చేది నామమాత్రం. అందులోనూ రక్తం తక్కువ అందే కీలాయిడ్ నడిమికి అంతకంటే తక్కువ. ఒంటికి మాత్రం నష్టం పూర్తిగా ముడుతుంది. షుగరు పెరుగుతుంది, ఆడవాళ్లలో నెలసరి తప్పవచ్చు. మచ్చలోకి వేసినప్పుడూ ఈ మందు కొంత రక్తంలో కలుస్తుంది కాబట్టి షుగరున్నవాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి, గర్భంతో ఉన్నవాళ్లు కూడా. పైపూత క్రీములది దీనికి సరిగ్గా ఎదురు చిక్కు. అంత మందం కండలోకి పైనుంచి ఇంకి దిగడం వాటి తరం కాదు.

అడ్డును సూదితో గెలవలేనప్పుడు ముందు అడ్డునే తగ్గించడం మరో మార్గం. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో మచ్చను కాసేపు గడ్డకట్టించి, కరిగాక పది పదిహేను నిమిషాలు ఆగితే కండ నీరుపట్టి మెత్తబడుతుంది, అప్పుడు మందు సులువుగా పోతుంది. నల్లటి చర్మంలో ఆ చలి రంగును తీసేసే ముప్పు ఉంది కాబట్టి అందరికీ నప్పదు. లేజరుతో సన్న రంధ్రాల వరసలు చేసి మందు అద్దడం ఇంకో పద్ధతి. నేలకు బోర్లు వేసినట్టే అది, లోతు రంధ్రం ఉన్నంతవరకే. సూది లేకుండా ఒత్తిడితో మందును సన్న ధారగా చిమ్మే పరికరాలున్నాయి. సూది భయం ఉన్నవాళ్లకు సుఖం, కానీ గట్టి కండ మీద ధార కొంత తిరిగి బయటికే చిందుతుంది. 5-ఫ్లోరోయురాసిల్ అనే మందుతో కొద్దిపాటి స్టెరాయిడ్ కలిపి ఎక్కించడం ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. ఆ మందు నీటిలో కరిగి ఉంటుంది కాబట్టి నలకలు చిక్కుకున్నట్టు చిక్కుకోదు, స్టెరాయిడ్ తగ్గించుకోవచ్చు కాబట్టి చర్మం పలచబడటమూ తక్కువ.

కోసి తీసేస్తే పోదా అన్నది అందరూ అడిగేదే. కోత ఒక్కటే చేస్తే కీలాయిడ్ తిరిగి వచ్చేది 45 నుంచి 100 శాతం వరకు అని వైద్య గ్రంథాల్లో కనిపించే లెక్క. ఎండ్రకాయ డెక్క విరిగితే మళ్లీ మొలుస్తుంది కదా, పేరు పెట్టినవాడికి ఆ సంగతి తోచిందో లేదో గానీ పోలిక అక్కడా కుదిరింది. కోసిన చోట సూదిమందు వేస్తూ ఉంటే, చెవికైతే బిగువుగా పట్టే ఒత్తిడి కమ్మ పెట్టుకుంటే, ఆ తిరగబెట్టడం బాగా తగ్గుతుంది. కొత్త గాటులోని లేతకండ ఇంకా మోకులు కట్టదు, సందులు ఉంటాయి, మందు పరుచుకోవడానికి అంతకంటే మంచి అదను మళ్లీ రాదు.

అదను దాటిపోవడమే మన దగ్గర అసలు సమస్య. ఉదయగిరి నుంచి నెల్లూరుకో, కనిగిరి నుంచి ఒంగోలుకో బస్సెక్కి వచ్చి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. రెండు సూదులు పడ్డాక దురద తగ్గుతుంది. ఇంతలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పనో, వరికోతలో వస్తాయి. ‘దురద లేదుగా, తర్వాత చూద్దాంలే’ అని ఆగిపోతారు. మందు అందిన చోట కణాలు అణిగి ఉంటాయి, అందని నాలుకల మధ్య సందుల్లో మాత్రం పాత జోరు అలాగే ఉంటుంది. ఆరు నెలలకు మచ్చ మళ్లీ లేస్తే, ‘సూది వికటించి పెరిగింది’ అని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ పెరిగింది ఎక్కువగా మందు చేరని భాగమే. అక్కడక్కడా గుంటలు, వాటి మధ్య గుబ్బలు – అలాంటి మచ్చను తాకి చూస్తే, ఏ సూది ఎక్కడ దిగిందో, ఏది తప్పిందో చేతి వేళ్లకు పటంలా తెలిసిపోతుంది.

మచ్చ చర్మంతో సమానంగా అణిగాక డాక్టరు సూది ఆపేస్తారు. రంగు ఇంకా మిగిలే ఉంటుంది, చెవికి కమ్మ పెట్టుకోబోయే ఆడపిల్లకు ఆ నలుపు కూడా పోవాలని ఉంటుంది, ‘ఇంకొక్కటి వెయ్యండి’ అంటుంది. కానీ అప్పటికి లోపల మందును పట్టి ఉంచే కండ లేదు. వేలికి అడ్డు తగిలేదేమీ లేదు కాబట్టి వేసిన చుక్క నేరుగా మంచి చర్మంలోకి, కింది కొవ్వులోకి పోతుంది.